బరంపురంలో ఇల్లు అమ్మకం: ఒక్క బ్రోకరుకే ఇవ్వాలా, నలుగురికీ చెప్పాలా?

కోర్టుపేట_అమ్మాయి
ఒడిశాలోని బరంపురం కోర్టుపేటలో నాన్న కట్టించిన ఇల్లు ఉంది. కింద మేం ఉండేవాళ్లం, మేడ మీద అద్దెకి ఇచ్చేవాళ్లం. నాన్న పోయాక అమ్మ వైజాగ్‌లో మా ఇంటికి వచ్చేసింది. మేడ మీదవాళ్లు కూడా ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయారు. తాళం వేసిన ఇంటిని ఎన్నాళ్లు కాపలా కాస్తాం, అమ్మేద్దాం అని నేనూ తమ్ముడూ అనుకున్నాం.

గేట్ బజార్ వైపు ఒక బ్రోకరుతో మాట్లాడాను. మనిషి మర్యాదగానే ఉన్నాడు కానీ షరతు పెట్టాడు. మూడు నెలలు తన ఒక్కడికే ఇవ్వాలట, ఇంకెవరికీ చెప్పకూడదట, రెండు శాతం కమీషన్, అంతా కాగితం మీద రాసుకోవాలట. బెంగళూరులో ఉన్న తమ్ముడు మాత్రం "ఊళ్లో ఉన్న దలాల్‌లందరికీ చెప్పు, ఎవడు పార్టీని తెస్తే వాడికే డబ్బులు" అంటున్నాడు. అమ్మకి ఈ గొడవే వద్దు, తెలిసినవాళ్లకి చెబితే చాలంటుంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

మేం 70 లక్షలు అనుకుంటున్నాం, మంచి పార్టీ అయితే 65 దాకా దిగుతాం. అక్కడ ఈమధ్య ఇల్లో స్థలమో అమ్మినవాళ్లు ఎవరైనా చెప్పండి.

హిల్‌పట్నా_హీరో
నలుగురికీ ఇవ్వండి. ఒక్కడికే ఇస్తే వాడు మూడు నెలలు హాయిగా నిద్రపోతాడు, మీరు వైజాగ్‌లో మేలుకుని కూర్చుంటారు. కాగితం రాసిచ్చాక ఇంక వాడికి తొందరేం ఉంటుంది?

గంజాం_గోంగూర
ముందు ఒక్క మాట. కింది రేటు ఇక్కడ రాసేశావేంటమ్మా? ఇది బ్రోకర్లు చదవరా?

కమీషన్_కాకా
చదివాం.

గోపాలపూర్_గాలి
😂😂 65 ఫిక్స్. తర్వాతి టాపిక్ ఏంటి?

కోర్టుపేట_అమ్మాయి
అయ్యో. ఎడిట్ చేద్దామంటే అవడం లేదు. సరే, మేం 75 అనుకుంటున్నాం అని చదువుకోండి అందరూ.

గంజాం_గోంగూర
హీరో చెప్పింది వినడానికి బాగానే ఉంటుంది. జరిగేది వేరు. మా వీధి చివర ఒక ఇల్లుంది. ఓనరు భువనేశ్వర్‌లో ఉంటాడు. కనబడిన బ్రోకరుకల్లా చెప్పాడు. ఒకడు 60 అంటాడు, ఇంకొకడు 68, మూడోవాడు వాట్సాప్ గ్రూపుల్లో "అర్జంట్ సేల్" అని ఎర్రక్షరాలతో పెట్టాడు. ఆ మనిషికి అర్జంటూ లేదు, గిర్జంటూ లేదు. కొనేవాడు నలుగురినీ అడిగి, తక్కువ చెప్పినవాడి రేటు దగ్గర బేరం మొదలుపెడతాడు కదా. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అన్నారా? రెండు దసరాలు పోయాయి, ఇల్లు అలాగే ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం మా గేటు ముందు బళ్లు పెట్టి పోతుంటారు.

సూరత్_రిటర్న్
గోంగూర అక్క చెప్పింది కరెక్ట్. నేను కొనేవాడి వైపు నుంచి చెప్తాను. సూరత్‌లో చాలా ఏళ్లు చేసి వచ్చాక ఇక్కడ అంబాపువాలో, లాంజిపల్లిలో ఇళ్లు చూశాం. ఒకే ఇంటిని ముగ్గురు బ్రోకర్లు చూపించారు. మూడోవాడు తీసుకెళ్తుంటే మా ఆవిడే గుర్తుపట్టింది, ఆ మామిడిచెట్టు చూసి. ముగ్గురూ మూడు రేట్లు చెప్పారు. ఓనరుకి డబ్బు అవసరం పడిందని మాకు అర్థమైపోయింది, కనీసం అలా అనిపించింది. వెంటనే అయిదు లక్షలు తగ్గించి అడిగాం. ఆయన నిజంగా ఇబ్బందిలో ఉన్నాడో లేదో దేవుడికి తెలుసు.

హిల్‌పట్నా_హీరో
మరి కొన్నారా?

సూరత్_రిటర్న్
లేదు. మేడ ప్లాన్‌లో లేదట, బ్యాంకువాళ్లు లోన్ ఇవ్వలేం అన్నారు.

గోపాలపూర్_గాలి
మా బాబాయి బ్రోకర్లే వద్దనుకుని గేటుకి బోర్డు కట్టాడు, ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో. "ఇల్లు అమ్మబడును, మధ్యవర్తులు రావద్దు." వచ్చిన ఫోన్లన్నీ మధ్యవర్తులవే. ఒకాయన అయితే బోర్డులో తెలుగు తప్పులున్నాయి, తక్కువకి కొత్త బోర్డు రాయిస్తానన్నాడు.

కమీషన్_కాకా
నేను ఈ పనిలోనే ఉన్నాను, బరంపురం, ఛత్రపురం వైపు. తిట్టేవాళ్లు తిట్టుకోండి కానీ లోపలి సంగతి ఒకటి చెప్తాను.

ఒక్కడికి ఇవ్వాలా నలుగురికి ఇవ్వాలా అని మీరు తల బద్దలు కొట్టుకుంటున్నారు కానీ మా ఊళ్లో అంత తేడా లేదు. మీరు పొద్దున నాకు చెబితే సాయంత్రానికి ఇంకో ఆరుగురికి తెలుస్తుంది. నా దగ్గర ఇల్లు ఉంటుంది, ఇంకొకడి దగ్గర పార్టీ ఉంటుంది. ఇద్దరం కలిసి చేసుకుని కమీషన్ పంచుకుంటాం. ఎప్పటినుంచో ఇదే పద్ధతి. కాబట్టి ఒక్కడికే ఇస్తే మిగతావాళ్ల దగ్గరున్న పార్టీలు మనకి రావు అనేది తప్పు.

తేడా ఎక్కడ వస్తుందంటే, నా ఒక్కడికే ఇస్తే నేను ఖర్చు పెడతాను. ఇల్లు కడిగిస్తాను, మంచి ఫోటోలు తీయిస్తాను, ఇంటి మీద అప్పులూ తాకట్లూ లేవని చూపించే ఈసీ తీయిస్తాను, బ్యాంకు లోన్ చూసే కుర్రాడికి ముందే కాగితాలు చూపిస్తాను. అందరికీ ఇస్తే ఇవేవీ చేయను. రేపు ఇంకొకడు అమ్ముకుపోతే నా డబ్బు పోయినట్టే కదా. అలాంటప్పుడు మీ ఇల్లు నా ఫోన్‌లో ఒక ఫోటోగా పడి ఉంటుంది, ఎవరైనా అడిగితే చూపిస్తాను, అంతే.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. అందరికీ ఇచ్చిన ఇల్లు కాస్త ఎక్కువ రేటులో ఉంటే, దాన్ని ముందు చూపించి ఆ తర్వాత మా సొంత పార్టీ ఇల్లు చూపిస్తాం. రెండోది చవగ్గా కనిపిస్తుంది.

గంజాం_గోంగూర
కాకా నిజం ఒప్పుకున్నాడు, ఎవరైనా స్వీట్లు పంచండి. ఇప్పుడు ఆ రెండు శాతం దేనికో కూడా చెప్పు. కొనేవాడి దగ్గర ఒక శాతం, అమ్మేవాడి దగ్గర రెండు, 70 లక్షల ఇంటికి రెండు లక్షల పైమాటే. కడిగించడానికీ ఫోటోలకీ అంతవుతుందా?

కమీషన్_కాకా
అక్కా, పదిళ్లు చూపిస్తే ఒకటి అమ్ముడవుతుంది. మిగతా తొమ్మిదిటికి పెట్రోలు ఎవరు పోస్తారు?

గంజాం_గోంగూర
ఆ తొమ్మిదిళ్ల పెట్రోలు కూడా ఈ అమ్మాయే పోయాలన్నమాట. ఒక శాతానికి ఒప్పుకునేవాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు.

పర్లాకిమిడి_పిన్ని
మా మరిది ఇంట్లో జరిగిన గొడవ చెప్తాను. పర్లాకిమిడిలోనే. ఇద్దరు బ్రోకర్లకి చెప్పాడు, ఇద్దరూ తెలిసినవాళ్లే, నోటిమాటే. మొదటివాడు ఒక టీచరు దంపతుల్ని తెచ్చి చూపించాడు. వాళ్లు ఆలోచిస్తామని వెళ్లిపోయారు. కొన్నాళ్లకి వాళ్లనే రెండోవాడు తీసుకొచ్చాడు, రేటు మాట్లాడాడు, లోన్ పని చూశాడు, బేరం కుదిరింది. రిజిస్ట్రీ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఇద్దరూ హాజరు. నేను ముందు చూపించానని ఒకడు, నేను కుదిర్చానని ఇంకొకడు. చెరి సగం ఇస్తానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. కొనేవాళ్లు ఆ అరుపులకి భయపడి ఇంటికెళ్లిపోతామన్నారు. చివరికి మా మరిది రెండోవాడికి మొత్తం, మొదటివాడికి సగం ఇచ్చి సంతకాలు పెట్టించాడు. అంటే ఒకటిన్నర కమీషన్.

ఎంతమందికి ఇచ్చినా సరే, ఎవరిని తెస్తున్నారో ముందే పేరు వాట్సాప్‌లో పంపమనండి. పేరు పంపకుండా ఇల్లు చూపించడానికి లేదని చెప్పండి.

హిల్‌పట్నా_హీరో
పిన్నీ, మరి ఆ కేసులో న్యాయంగా ఎవరికి రావాలి? నా లెక్కలో కుదిర్చినవాడికే. ఇల్లు చూపించడం ఏముంది, ఎదురింటి పిల్లాడు కూడా చూపిస్తాడు.

పర్లాకిమిడి_పిన్ని
మొదటివాడు తేకపోతే వాళ్లకి ఆ ఇల్లుందనే తెలియదుగా బాబూ.

సూరత్_రిటర్న్
ఇదే గొడవ ఇక్కడ కూడా మొదలైంది 😄

జయపురం_మాస్టారు
అందుకే మాట ముందే రాసుకోవాలి. బ్రోకరు అంటే చట్టం దృష్టిలో ఏజెంటు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే, ఏ పని కోసం పెట్టుకున్నారో అది పూర్తయితేనే అతనికి ప్రతిఫలం వస్తుంది. ఆ పని "పార్టీని చూపించడం" అని రాస్తే ఒక రకం, "రిజిస్ట్రేషన్ పూర్తవడం" అని రాస్తే ఇంకో రకం. పిన్నిగారి మరిది ఏదీ రాయలేదు, అందుకే ఇద్దరి వాదనకీ బలం వచ్చింది.

ఇక అసలు విషయం. అమ్మాయీ, నువ్వు రాసినదాంట్లో నన్ను ఆపింది బ్రోకర్ల సంఖ్య కాదు. "నేనూ తమ్ముడూ అనుకున్నాం" అన్నావు. నాన్నగారు విల్లు రాశారా? రాయకుండా పోతే, అది ఆయన స్వార్జితమైతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమానంగా వాటా వస్తుంది. నాన్నగారి తల్లి బతికి ఉంటే ఆవిడకీ వస్తుంది. అంటే మీ అమ్మగారు సంతకం పెట్టాల్సిన మనిషి, సలహా ఇచ్చే మనిషి మాత్రమే కాదు. రెండోది, పట్టా ఎవరి పేరున ఉంది? భూలేఖ్‌లో, అదే ప్రభుత్వ భూరికార్డుల సైట్‌లో చూశావా? కిసమ్, అంటే భూమి రకం, ఘరబారి (ఇళ్ల స్థలం) అని ఉందా, ఇంకేమైనా ఉందా?

కోర్టుపేట_అమ్మాయి
విల్లు లేదు మాస్టారూ. నాన్నమ్మ ఎప్పుడో పోయింది. భూలేఖ్‌లో ఇప్పుడే చూశాను, పట్టా ఇంకా నాన్న పేరుమీదే ఉంది. కిసమ్ ఘరబారి అనే ఉంది. పట్టాలో పేర్లు మార్పించే మ్యుటేషన్ సంగతి ఆ బ్రోకరు కూడా అన్నాడు. అమ్మ చేత తన పేరున ఒక జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) రాయిస్తే తహసీల్ ఆఫీసు పని, అమ్మకం పని రెండూ తనే చూసుకుంటానన్నాడు. మేం బరంపురం రానక్కర్లేదట.

రాయగడ_రైలు
వద్దు వద్దు వద్దు.

గంజాం_గోంగూర
అమ్మా తల్లీ, ఆ ఒక్కటి మాత్రం చేయకు.

కమీషన్_కాకా
నేను కూడా వద్దనే చెప్తాను. బ్రోకరు పేరున జీపీఏ ఎందుకు? వైజాగ్ నుంచి రైలెక్కితే నాలుగైదు గంటల్లో బరంపురం.

జయపురం_మాస్టారు
బ్రోకరుకి అమ్మే అధికారం ఇస్తే అతను మధ్యవర్తిగా మిగలడు, మీ స్థానంలో కూర్చుంటాడు. రేటు, బజానా (అడ్వాన్సు), సంతకం అన్నీ అతని చేతికి వెళ్తాయి. జీపీఏ మీద చేతులు మారినంత మాత్రాన యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో గట్టిగానే చెప్పింది. నిజమైన జీపీఏ తప్పు కాదు, కొడుక్కో కూతురికో ఇచ్చుకోవచ్చు. అమ్మగారు ప్రయాణం చేయలేకపోతే నీ పేరునే రాయించుకో.

మ్యుటేషన్‌కి లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తీసుకుని తహసీల్‌లో ముగ్గురి పేర్లకీ దరఖాస్తు పెట్టుకో. అది అవకుండా ఒక్కడికి ఇచ్చినా వందమందికి ఇచ్చినా కొనేవాడి బ్యాంకు దగ్గర ఆగిపోతుంది. సూరత్ బాబు చూసిన ఇల్లు ఎందుకు తప్పిపోయిందో పైన చదివావు కదా. మీ మేడకి ప్లాన్ ఉందో లేదో కూడా చూడు.

కోర్టుపేట_అమ్మాయి
ప్లాన్ అమ్మ బీరువాలో ఉండాలి. మేడ తర్వాత వేశారు, దానికి వేరే ప్లాన్ తీసుకున్నారో లేదో అడగాలి.

రాయగడ_రైలు
పక్కదారి పట్టిస్తున్నానేమో, అయినా చెప్పాలి. మా రాయగడ, కోరాపుట్ వైపు బ్రోకర్లు ఎంతమంది అన్నది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న అమ్మేవాడు ఎవరు. ఇది షెడ్యూల్డ్ ఏరియా. 1956 రెగ్యులేషన్ ఉంది, ఆదివాసీల భూమి ఆదివాసీలు కానివాళ్లు కొనడానికి లేదు. 2002 నుంచి అది ఇంకా బిగిసింది. 2023లో సడలిస్తామని ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుని, గొడవలయ్యాక వెనక్కి తగ్గింది. అయినా ఇక్కడ ఒక దలాల్ "పర్మిషన్ నేను తెప్పిస్తాను సార్, ముందు టోకెన్ ఇవ్వండి" అని తిరుగుతూనే ఉంటాడు. నా స్నేహితుడి దగ్గర అలాగే అడిగాడు. ఇంకో ఇద్దరు దలాల్‌లు కూడా అదే స్థలం చూపించి అదే మాట చెప్పారు. ముగ్గురు చెప్పారు కదా, నిజమే అయ్యుంటుందని వాడు నమ్మబోయాడు.

జయపురం_మాస్టారు
షెడ్యూల్డ్ ఏరియా కాని చోట్ల కూడా ఎస్సీ, ఎస్టీ భూమి వేరేవాళ్లు కొనాలంటే భూసంస్కరణల చట్టం సెక్షన్ 22 కింద ముందే రాతపూర్వక అనుమతి కావాలి. గంజాంలోనూ అంతే. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ధర్మాబాద్_దత్తు
నాందేడ్ జిల్లా నుంచి. మా దగ్గర కథ వేరే. ధర్మాబాద్‌లో స్థలం అమ్మేటప్పుడు మా పెదనాన్న ఇద్దరికే ఇచ్చాడు, ఆలోచించి ఇచ్చాడు. ఒకడు మరాఠీ వ్యాపారుల మధ్య తిరిగేవాడు, నాందేడ్, ఉమ్రీ వైపు పార్టీలు అతని దగ్గర ఉంటాయి. ఇంకొకడు తెలుగువాడు, బాసర, నిజామాబాద్ వైపు నుంచి తెస్తాడు. ఒకడి పార్టీ ఇంకొకడికి దొరకదు, అందుకే గొడవ రాలేదు. తెలుగాయన తెచ్చిన పార్టీయే కొన్నది. మాకు ఇసార్ పావతి (అడ్వాన్సు ఒప్పంద కాగితం) ముందు, డబ్బు తర్వాత, అది మాత్రం గట్టిగా పట్టుకున్నాడు పెదనాన్న. అది ఇళ్ల స్థలం కాబట్టి ఎవరైనా కొనగలిగారు. మహారాష్ట్రలో సాగుభూమి అయితే కొనేవాడు రైతు అయ్యుండాలి, సాత్ బారా (సాగుభూమి రికార్డు) చూపించాలి.

బరంపురంలో కూడా ఒడియా పార్టీలు, తెలుగు పార్టీలు వేర్వేరు బ్రోకర్ల దగ్గర ఉంటాయి కదా?

కమీషన్_కాకా
కొంతవరకు. గాంధీనగర్, హిల్‌పట్నా వైపు డాక్టర్లు, ఆఫీసర్ల పార్టీలు కొందరి దగ్గరే తిరుగుతాయి. సూరత్ డబ్బుతో వచ్చేవాళ్లు ఆస్కా, హింజిలి వైపు మనుషుల్ని నమ్ముతారు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి పిల్లల చదువుకి వచ్చేవాళ్లు తెలుగు మాట్లాడేవాడి దగ్గరికే వస్తారు.

హిల్‌పట్నా_హీరో
దత్తు అన్న చెప్పిందే నేను మొదట్నుంచీ చెప్తున్నది.

గంజాం_గోంగూర
నువ్వు చెప్పింది నలుగురు. ఆయన చెప్పింది ఇద్దరు, అదీ వేరువేరు జనాల్లో తిరిగే ఇద్దరు. ఒకే టీకొట్టు దగ్గర కూర్చునే నలుగురికి చెబితే ఏం లాభం?

హిల్‌పట్నా_హీరో
సరే, ఇంకో ఐడియా. నెట్ రేటు పద్ధతి. "నా చేతికి 65 రావాలి, పైన ఎంతొస్తే అంత నీదే" అని చెప్పేయండి. శాతాల గొడవ ఉండదు, వాడే ఎగిరి గంతేసి అమ్ముతాడు. ఒక్కడికిచ్చినా నిద్రపోడు.

గంజాం_గోంగూర
మళ్లీ 65 అన్నావు. ఆ పిల్ల దాచుకుందామనుకున్న అంకె నువ్వే మైకులో చెప్తున్నావు.

కమీషన్_కాకా
మాకు నెట్ రేటు అంటే ఇష్టమే, అబద్ధం చెప్పను. కానీ అందులో నేను 65 ఇంటిని 78 అని చెప్తాను. అమ్ముడవకపోతే నాకు నష్టం లేదు, మీ ఇల్లే పాతబడుతుంది.

లెక్కలపంతులు
నెట్ రేటులో ఇంకో చిక్కుంది. ఆ పై డబ్బు ఎక్కడా కనబడకుండా నగదుగా చేతులు మారుతుంది. దస్తావేజులో ఒక రేటు, చేతిలో ఇంకో రేటు. రేపు కొనేవాడు ఏదైనా గొడవలో పడితే మీ పేరూ వస్తుంది. స్థిరాస్తి విషయంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది, అదీ తీసుకున్నవాళ్ల మీద. బజానా "బ్రోకరు చేతికి క్యాష్" అన్నారంటే వద్దనండి, బ్యాంకులోనే వేయించుకోండి.

ఇల్లు మొత్తం ధర 50 లక్షలు లేదా ఆపైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని మీ పాన్ మీద కడతాడు. అమ్మేవాళ్లు ముగ్గురైనా మొత్తం ధరే లెక్క. ఇక క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మిన లాభం మీద పన్ను లెక్కలో బ్రోకరు కమీషన్‌ని ఖర్చుగా తీసివేసుకోవచ్చు, రసీదు ఉండి బ్యాంకు ద్వారా ఇస్తేనే అడిగినప్పుడు చూపించగలరు. నెట్ రేటులో రసీదు ఎవడిస్తాడు? వారసత్వంగా వచ్చిన ఇల్లు కాబట్టి నాన్నగారు ఎప్పుడు కొన్నారో, ఎంతకి కట్టారో అదే మీ లెక్క. 2024 జూలై 23కి ముందుది కాబట్టి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు పాత ఖర్చుని పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా, ఏది తక్కువైతే అది, ఇక్కడే ఉండేవాళ్లకి. మీలో ఎవరైనా విదేశంలో ఉంటే లెక్క మారుతుంది.

గోపాలపూర్_గాలి
పంతులుగారూ, మేం ఇక్కడికి బ్రోకర్లని తిట్టుకోవడానికి వచ్చాం. ట్యాక్సు గుర్తుచేసి మూడ్ పాడుచేశారు.

ఇచ్ఛాపురం_టు_ఇల్‌ఫర్డ్
లండన్‌లో ఇది పెద్ద సబ్జెక్టు. ఇక్కడ ఒక్క ఏజెంటుకే ఇస్తే సోల్ ఏజెన్సీ అంటారు, ఫీజు తక్కువ. ఇద్దరు ముగ్గురికి ఇస్తే మల్టీ ఏజెన్సీ, ఫీజు ఎక్కువ, ఎవరు అమ్మితే వాళ్లకే. చాలామంది ముందు ఒక్కడికే ఇచ్చి, కదలకపోతే గడువయ్యాక ఇంకొకరిని చేర్చుకుంటారు.

కానీ చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. సోల్ ఏజెన్సీ వేరు, సోల్ సెల్లింగ్ రైట్స్ వేరు. మొదటిదాంట్లో మీ అంతట మీరే కొనేవాణ్ణి వెతుక్కుంటే ఏజెంటుకి ఏమీ ఇవ్వక్కర్లేదు. రెండోదాంట్లో మీ పిన్ని కొడుక్కి అమ్ముకున్నా సరే, గడువులోపల అయితే ఏజెంటుకి ఫీజు కట్టాల్సిందే. మీ బ్రోకరు రాసే కాగితంలో ఏ రకం ఉందో చదివారా?

కోర్టుపేట_అమ్మాయి
ఆయన పంపిన కాగితం ఫోన్‌లో ఉంది, ఒడియాలో. అమ్మ చదివి చెప్పింది. "ఈ మూడు నెలల్లో ఇల్లు ఏ విధంగా అమ్ముడైనా రెండు శాతం చెల్లించాలి" అని ఉంది. గడువు అయ్యాక కూడా ఆయన చూపించిన పార్టీ కొంటే ఇవ్వాలని ఉంది.

ఇచ్ఛాపురం_టు_ఇల్‌ఫర్డ్
"ఏ విధంగా అమ్ముడైనా" కొట్టించండి. రెండోది న్యాయమే, కానీ చూపించిన పార్టీల పేర్లు గడువు చివర లిస్టుగా ఇవ్వాలని, ఆ బాధ్యతకీ ఒక గడువు ఉండాలని చేర్పించండి. లేకపోతే అయిదేళ్ల తర్వాత కూడా "వాళ్లని నేను చూపించాను" అంటాడు.

జయపురం_మాస్టారు
అలాగే మూడు నెలల బదులు నలభై అయిదు రోజులు అడుగు. అప్పటికి ఎవరెవరు చూశారు, ఏమన్నారు అన్నది చూస్తే మనిషి పనిచేస్తున్నాడో లేదో తెలుస్తుంది.

గంజాం_గోంగూర
రెండు శాతం కూడా కొట్టించు. ఒకటిన్నర దగ్గర ఆగుతాడు, రాసుకో.

కమీషన్_కాకా
ఒకటిన్నర సరైన మాటే. నేనైనా ఒప్పుకుంటాను.

పర్లాకిమిడి_పిన్ని
తాళం సంగతి ఎవరూ చెప్పలేదు. బ్రోకరు చేతికి తాళం ఇవ్వొద్దు. ఖాళీ ఇల్లు, మోటారు, ఇత్తడి సామాను, అన్నీ ఉంటాయి. నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర పెట్టి, పేరు వాట్సాప్‌లో వచ్చాకే తలుపు తీయమనండి. అప్పుడు ఎవరు ఎవరిని తెచ్చారో పక్కింటివాళ్లే సాక్ష్యం.

కోర్టుపేట_అమ్మాయి
తమ్ముడితో, అమ్మతో మాట్లాడాను. మ్యుటేషన్‌కి ముందు దరఖాస్తు పెడుతున్నాం, జీపీఏ ఎవరికీ ఇవ్వడం లేదు. గేట్ బజార్ ఆయనకి ఫోన్ చేసి నలభై అయిదు రోజులు, ఒకటిన్నర, "ఏ విధంగా అమ్ముడైనా" తీసేయాలి అన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు, కాస్త ముఖం ముడుచుకున్నట్టే అనిపించింది ఫోన్‌లో. ఒప్పుకోకపోతే ఆయనకీ, ఇచ్ఛాపురం వైపు పార్టీలు తెచ్చే ఇంకొకరికీ ఒకే రేటు చెప్పి ఇద్దామని తమ్ముడు అంటున్నాడు. ఇద్దరికీ రేటు రాతలో పంపుతాం, తగ్గించి చెప్పడానికి లేదని. నలుగురు మాత్రం వద్దనుకున్నాం, సారీ హీరో గారూ.

హిల్‌పట్నా_హీరో
ఇద్దరంటే సగం నేనే గెలిచాను.

సూరత్_రిటర్న్
చెల్లీ, ఒక మాట. మేడకి మెట్లు బయటి నుంచా, లోపలి నుంచా? మా తమ్ముడు కోర్టుపేట, బిజిపురం వైపే చూస్తున్నాడు, మేడ మీద అద్దెకి ఇచ్చుకునేలా ఉండాలంటున్నాడు.

కోర్టుపేట_అమ్మాయి
బయటి నుంచే అన్నయ్యా. వీధివైపు విడిగా గేటు కూడా ఉంది.

గోపాలపూర్_గాలి
ఓహో. ఇప్పుడు కమీషన్ ఎవరికి? ముందు చూపించింది ఈ చర్చ కదా.

కమీషన్_కాకా
కింది రేటు ముందు చదివింది నేను.

ఇచ్ఛాపురం_టు_ఇల్‌ఫర్డ్
ఆ కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా? అయితే ఎవరికీ ఏమీ లేదు. పెట్టేటప్పుడు మాత్రం, ముందే మాట్లాడుతున్న పార్టీ అని సూరత్ గారి తమ్ముడి పేరు అందులో మినహాయింపుగా రాయించండి.

కోర్టుపేట_అమ్మాయి
పెట్టలేదు. సూరత్ అన్నయ్యా, మీ తమ్ముణ్ణి ఈ ఆదివారం చూడమనండి. పేరు మెసేజ్ పెట్టండి, పక్కింటివాళ్లకి చెప్తాను. రేటు మాత్రం 75.

సూరత్_రిటర్న్
పైన ఇంకో అంకె చదివాడు వాడు 😄 పేరు పంపుతున్నా.

జయపురం_మాస్టారు
చూడనివ్వండి, మాట్లాడుకోండి. పట్టాలో పేర్లు మారేదాకా బజానా మాత్రం తీసుకోకండి.